శుక్రవారం రాని అల

భూమి అయస్కాంత క్షేత్రంలో ఒక కొత్త అలను కనిపెట్టానని నేను మూడు నెలలపాటు గట్టిగా నమ్మాను. ఆ అల నా కుడి చెయ్యి.

ఇంతకన్నా సూటిగా ఒప్పుకోవడం నాకు చేతకాదు. మొన్న వనపర్తిలో, ఈ రంగంలోకి రావాలనుకుంటున్న కొందరు పిల్లలతో మాట్లాడమని పిలిచారు. అందులో ఒకమ్మాయి లేచి, "సార్, మీరు ముప్పై ఏండ్లు ఏం పని చేసిండ్రో ఒక్క మాటల చెప్పుండ్రి" అంది. "విన్నాను" అన్నాను. అందరూ నవ్వారు. నేను సరిగ్గానే చెప్పాను గానీ చాలినంత చెప్పలేదు. ఆ మిగిలింది ఇక్కడ రాస్తున్నాను. ఏ సంవత్సరం ఏ కుర్చీలో కూర్చున్నానో రాయను. ఆ సంగతి కుర్చీలకే గుర్తుండదు.

వణుకు విని మనిషిని పట్టడం

మా ఇల్లు గద్వాలలో నేతగాళ్ల వీధి పక్కన. పొద్దున్నే వీధి పొడవునా పడుగు దారాలు చాచి కట్టేవాళ్లు. చిన్నప్పుడు నేను ఈ కొసన ఒక పోగును వేలితో మీటి గోడ చాటుకు పోయేవాణ్ణి. ఆ కొసన నిలబడ్డ మనిషి, నేను కనబడకపోయినా, "ఆ మొయిన్‌గాడే" అని తిట్టేవాడు. పోగు వణికిన తీరును బట్టి ఎవరు మీటారో ఆయనకు తెలిసిపోయేది.

మా వృత్తి అంతా అదే. భూమి చుట్టూ ఉన్న అయస్కాంత రేఖలు పెద్ద పడుగు అనుకోండి. సూర్యుడి నుంచి విద్యుదావేశం ఉన్న కణాలు ఎడతెగకుండా గాలిలా వీస్తుంటాయి. దాన్ని సౌర పవనం అంటాం. ఆ గాలి తాకితే రేఖలు వణుకుతాయి. ఆ వణుకులే అయస్కాంత స్పందనలు. కొన్ని రెండు సెకన్లకు ఒకసారి ఊగుతాయి, కొన్ని అయిదు నిమిషాలకు ఒకసారి తీరిగ్గా ఊగుతాయి. రేఖల కొసలు నేలకు దిగేది ధ్రువాల దగ్గర. కాబట్టి ఆ వణుకు అక్కడ బాగా తెలుస్తుంది. దాన్ని విని, గాలి ఎక్కడ, ఎలా మీటిందో చెప్పాలి.

వణుకు మాత్రం చాలా చిన్నది. భూమి క్షేత్రంలో అది పదివేలవ వంతు కూడా ఉండదు. అందుకే పరికరం పెట్టిన గుడిసెలోకి ఇనుము రాకూడదు. కట్టేటప్పుడే ఇత్తడి మేకులు కొడతారు. బెల్టు, తాళంచెవులు, గడియారం, చాకు అన్నీ బయట వదిలి లోపలికి పోవాలి. ఈ నియమాన్ని నేను ఎంత నిష్ఠగా పాటించేవాణ్ణంటే, ప్రయాణానికి ముందు పరీక్ష చేసిన డాక్టరమ్మ నా రక్తంలో ఇనుము తక్కువగా ఉందని చెప్పినప్పుడు లోలోపల సంతోషించాను.

అమ్మీ కట్టిన రూపాయి

దక్షిణ ధ్రువ ఖండంలో మన దేశపు స్థావరంలో ఏడాది ఉండటానికి నన్ను ఎంపిక చేశారు. మా ఇంట్లో ఉర్దూ, గడప దాటితే తెలుగు. అమ్మీ మాత్రం గట్టిగా చెప్పాలనుకున్న మాట ఎప్పుడూ తెలుగులోనే చెప్పేది. బయల్దేరే రోజు నా కుడి దండచేతికి ఇమామ్ జామిన్ కట్టింది. మా ఇళ్లలో ఎవరైనా దూరం పోతుంటే ఆకుపచ్చ గుడ్డలో ఒక నాణెం చుట్టి చేతికి కడతారు. క్షేమంగా చేరాక దాన్ని విప్పి, అక్కడి పేదవాళ్లకు ఇవ్వాలి. ఇచ్చేదాకా తీయకూడదు.

"బేటా, ఆడ దిగంగనే ఎవరన్న గరీబోనికి ఇయ్యి. మర్శిపోతివా, నీ సఫర్ ఒడ్వనట్టే" అంది. అంటే, ఇచ్చేదాకా నా ప్రయాణం ముగియనట్టే.

దిగాను. చుట్టూ చూశాను. మంచు ఉంది, మంచు మీద ఇంకాస్త మంచు ఉంది. స్థావరంలో ఉన్న ఇరవై మందిమీ సర్కారు జీతగాళ్లమే. పేదవాడు అనదగినవాడు కొన్ని వేల మైళ్ల దూరంలో లేడు. అమ్మీ మాట తప్పలేను కాబట్టి రూపాయిని దండకే ఉంచుకున్నాను. స్నానం చేసినా, పడుకున్నా అక్కడే ఉండేది. నెల తిరిగేసరికి అది చేతిమీద ఉందన్న సంగతే మర్చిపోయాను. పైన నాలుగు పొరల ఉన్ని, దానిపైన కోటు.

రూపాయి నాణెం ఉక్కుదని నాకు తెలియదా? తెలుసు. ఎవరైనా అడిగితే చెప్పేవాణ్ణి. ఎవరూ అడగలేదు. నేను కూడా నన్ను అడగలేదు.

మధ్యాహ్నపు ముత్యాలు

రోజూ మధ్యాహ్నం గుడిసెకు పోయి చేత్తో కొలత తీయాలి. దుర్బిణి లాంటి పరికరంలో చూస్తూ మరను సన్నగా తిప్పాలి. చేతి తొడుగులతో అది కుదరదు. తొడుగు తీస్తే ఒక నిమిషంలో వేళ్లు మొద్దుబారతాయి. అప్పుడు నేను కుడి చేతిని బౌలింగు వేసేవాడిలా గిరగిరా తిప్పి రక్తం పారించేవాణ్ణి. కాసేపు తిప్పడం, కాసేపు కొలవడం, మళ్లీ తిప్పడం. గుడిసె ఎంత చిన్నదంటే నా మోచేతికి, నిరంతరం రికార్డు చేసే పరికరానికి మధ్య ఒక జానెడు ఖాళీ ఉండేది.

రెండో నెలలో రికార్డు కాగితాలు ముందేసుకుని కూర్చుంటే కనబడింది. రెండు సెకన్లకు ఒక ఊపు చొప్పున కాసేపు ఉబ్బి, తగ్గి, మళ్లీ ఉబ్బి, దారానికి గుచ్చినట్టు వరుసగా. మా వృత్తిలో అలాంటివాటిని ముత్యాలంటారు. నిజంగా ఉన్నవే, కష్టపడితే దొరికేవే. నాకు రోజూ మధ్యాహ్నం దొరుకుతున్నాయి, భోజనం గంట కొట్టినట్టు.

నేను గుడిసెలో ఉన్న వేళ, ముత్యాలు వచ్చే వేళ ఒకటేనని గమనించలేదా అంటారు. గమనించాను. దానికీ జవాబు తయారు చేసుకున్నాను. మధ్యాహ్నం అంటే భూమిలో మేమున్న వైపు సూర్యుడికి ఎదురుగా ఉన్న వేళ, సౌర పవనం నేరుగా తగిలే వేళ. కాబట్టి అప్పుడే రావాలి! తెలివి తక్కువవాడు తప్పు చేస్తే అది తప్పుగానే ఉంటుంది. కాస్త చదువుకున్నవాడు చేస్తే సిద్ధాంతం అవుతుంది.

అయిదు పేజీలు రాసి హైదరాబాదుకు, మా పైఅధికారి శేషగిరి సార్‌కు పంపాను. కొత్త అలకు పేరు కూడా పెట్టాను. ఆ పేరు ఇక్కడ రాయను. అందులో నా పేరు ఉంది.

శేషగిరి సార్ ప్రశ్న

శేషగిరి సార్‌ది గోదావరి వైపు. మాట మెత్తగా ఉండేది, కాని మెత్తటి మాటతోనే మనిషిని నిలువునా చీరేసేవారు. ఆయన మీకు కోపం తెప్పించే ముందు మిమ్మల్ని మెచ్చుకునేవారు. వారానికోసారి ఉపగ్రహం ఫోనులో మాట్లాడుకునేవాళ్లం.

"మొయిన్, నీ ముత్యాలు చాలా బాగున్నాయయ్యా" అన్నారు.

నా గుండె లేచి కూర్చుంది.

"ఒక్కటే సందేహం. వారానికోరోజు ఇవి ఎక్కడికి పోతున్నాయి?"

"అంటే సార్?"

"తేదీలు రాశావు బానే ఉంది. వాటి పక్కన వారాలు రాసి చూడు."

రాసి చూశాను. శుక్రవారం అల లేదు. ఏ శుక్రవారమూ లేదు. స్థావరంలో ముస్లింలం ఇద్దరమే, నేనూ వంట చేసే సలీం భాయ్. జుమ్మా సామూహిక నమాజు అనడానికి మనుషులు చాలరు గానీ శుక్రవారం శుక్రవారమే కదా. ఆ మధ్యాహ్నం ఇద్దరం కలిసి నమాజు చేసుకునేవాళ్లం. కొలతకు ఆ ఒక్కరోజు సెలవు.

మరుసటి వారం ఫోనులో ఇది చెబుతుంటే సార్ గొంతులో నవ్వు వినబడుతూనే ఉంది. "ఏమయ్యా, సూర్యుడు కూడా నీతోపాటు నమాజుకు వస్తున్నాడా?"

ఇంత స్పష్టంగా చెప్పినా నాకు వెలగలేదు. జనరేటరును శుక్రవారం ఆపి బాగు చేస్తారేమో, దాని వల్ల ఏదో జరుగుతోందేమో అనుకున్నాను. మెకానిక్కును అడిగితే, అది బుధవారం అన్నాడు. సంస్కృతంలో అయస్సు అంటే ఇనుము. ఇనుముతో నిండినది అయోమయం. ఆ వారమంతా నా పరిస్థితి అక్షరాలా అదే, ఆ అక్షరాలు మాత్రం నాకు కనబడలేదు.

పిల్లలూ, మంచి పైఅధికారి అంటే మీ సంతోషాన్ని అనుమానించేవాడు. ఆయన మీద కోపం రావడం సహజం. కోపం తగ్గాక ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు వెతకండి. ఇంకో మాట. ఏదైనా కనిపెట్టామనిపిస్తే ఆ సంతోషాన్ని పండు మిరపకాయల్లా వారంరోజులు ఎండలో వేయండి. నిజమైనదైతే ఎండినా ఘాటు పోదు.

తలుపుకు అతుక్కున్న సంగతి

ఆరు నెలలకోసారి అందరికీ ఆరోగ్య పరీక్ష. స్థావరం డాక్టరమ్మ పంజాబు ఆవిడ, చెయ్యి కంటే నోరు చురుకు. రక్తపోటు చూడాలని చొక్కా విప్పించింది.

"ఇదేమిటి, గాయమా? కట్టు కట్టుకున్నావు?" అని హిందీలో అడిగింది.

"కాదు డాక్టర్‌గారూ, మా అమ్మ కట్టింది" అని కథంతా చెప్పాను.

"పేదవాడు దొరకలేదని ఇన్ని నెలలు మోశావా? మాసిపోయింది. ఇలా ఇవ్వు, గుడ్డయినా ఉడికిస్తాను" అని ముడి విప్పింది. గుడ్డను గిన్నెలో వేసి, నాణేన్ని పక్కన పెడదామని మందుల బీరువా వైపు చెయ్యి చాచింది. ఆ బీరువా తలుపుకు కాగితాలు పట్టి ఉంచే అయస్కాంతం బిళ్ల ఒకటి ఉంది.

టక్.

రూపాయి దానికి అతుక్కుంది. డాక్టరమ్మ రక్తపోటు పట్టీ పట్టుకుని నిలబడింది. నేను రూపాయిని చూస్తున్నాను. ఆవిడ నన్ను చూస్తోంది.

"నీకు ఒంట్లో బాగానే ఉందా? ఇప్పుడు రక్తపోటు చూస్తే పరికరం పగిలేలా ఉంది" అంది.

రక్తంలో తక్కువైన ఇనుమంతా దండకు కట్టుకుని తిరుగుతున్నానన్నమాట. చెయ్యి తిప్పినంతసేపూ ముత్యం, కొలత తీసినంతసేపూ ఖాళీ.

సార్‌కు ఆ రోజే చెప్పాను. చెప్పడానికి మూడు గంటలు పట్టింది. అందులో పది నిమిషాలు ఫోనుకు, మిగిలింది ధైర్యానికి.  ఆయన నవ్వారు. ఉపగ్రహం దాకా పోయి తిరిగొచ్చేంత నవ్వు. ఆ నవ్వు ఆగాక అన్న మాటే నన్ను కొట్టింది.

"ఈ ఏడాది రికార్డు మొత్తం పక్కన పెట్టాలయ్యా."

"సార్, రోజుకు పన్నెండు నిమిషాలే కదా పాడైంది? మిగతాదంతా..."

"మిగతా దాంట్లో ఇనుము లేదని చెప్పేదెవరు?"

"నేనే సార్."

"ఈ పన్నెండు నిమిషాల్లో లేదని చెప్పింది కూడా నువ్వే కదయ్యా."

 ధ్రువం మీద ఏడాది ఉన్నాను గానీ నా మాటను ధ్రువీకరించేవాడు ఒక్కడూ లేకపోయాడు.

తుఫాను నాటి తీగ

ఆ ఏడాదిలో ఒక రోజుంది. దానికోసమే నా బాధంతా. ఆ రోజు మంచు తుఫాను. ఎవరూ కాలు బయట పెట్టలేదు, నేను గుడిసె ఛాయలకు పోలేదు. ఆ రోజే సౌర పవనం ఉన్నట్టుండి విరుచుకుపడింది. స్థావరంలోని తెరమీద, గుడిసె పంపే గీత ఒక్కసారి ఎగిరింది. ఆ తర్వాత దాదాపు అయిదు నిమిషాలకో ఊపు చొప్పున, గంటల తరబడి, ఎవరో భూమిని పెద్ద తంబూరాలా మీటినట్టు మోగుతూనే ఉంది. నేను అన్నం పళ్లెం పట్టుకుని తెరముందు నిలబడిపోయాను. సలీం భాయ్ వచ్చి పళ్లెం తీసుకుపోయినా తెలియలేదు. ముప్పై ఏళ్లలో అంత అందమైనది మళ్లీ చూడలేదు. అదీ రూపాయి కింద జమైపోయింది.

తిరిగి గద్వాల వచ్చాను. అమ్మీ మొదటి ప్రశ్న, "పైసా ఎవరికిచ్చినవ్ రా?"

"ఎవరికియ్యాలె అమ్మీ? ఆడ పెంగ్విన్లు తప్ప ఎవ్వరు లేరు."

"వాటికన్న ఇయ్యకపోతివా? చెప్పుల్లేకుంట మంచుల తిరుగుతయ్, గరీబులు కావా?"

ఆ సాయంత్రమే బస్టాండు దగ్గర రూపాయిని దాని హక్కుదారుకు ఇచ్చేశాను. నా ప్రయాణం అప్పటికి అధికారికంగా ముగిసింది. రికార్డు సంగతి మాత్రం ముగియలేదు.

అమ్రాబాదు ముల్లు

నాగర్‌కర్నూలు దాటి అడవిలోకి పోతే, అమ్రాబాదు గుట్టల మీద మా సంస్థకు ఒక చిన్న కేంద్రం ఉండేది. సౌర పవనం గట్టిగా కొడితే ఆ దెబ్బ ధ్రువానికే కాదు, భూమికంతా ఒకటి రెండు నిమిషాల్లో తెలుస్తుంది. ధ్రువం దగ్గర ఏనుగంత ఉన్నది ఇక్కడ ఎలుకంత ఉంటుంది, అంతే. నా తుఫాను నిజమైనదైతే దాని ఎలుక అమ్రాబాదులో ఉండాలి.

అక్కడి పరిశీలకురాలు బాలమణి. ఊడ్చే పనికి చేరి, చూసి చూసి పని నేర్చుకుని, పరీక్ష రాసి ఆ ఉద్యోగంలోకి వచ్చిన మనిషి. వాళ్లమ్మా నాన్నా ప్రతి ఏడూ పనికోసం వలసపోయేవాళ్లు. తాను మాత్రం కదలనని ఒట్టు పెట్టుకున్నట్టు ఆ గుడిసెను అంటిపెట్టుకుని ఉంది. నేను పోయేసరికి రికార్డు మీద ఒక వంకర గీతను చూపిస్తూ అంది:

"ఇది మల్లయ్య బండి సార్. చక్రాలకు ఇనుప పట్టా ఉంటది కద. రోజు గీ బాటెంట పోతడు."

"మల్లయ్యదే అని ఎట్ల తెలుసు?"

"ఎడమ ఎద్దు కుంటుతది. సూడుండ్రి, గీత గూడ కుంటుతుంది."

ఆమె ముందు నాకు ముత్యాల సంగతి చెప్పాలంటే సిగ్గేసింది. చెప్పాను. ఆమె నవ్వలేదు. "మీరు జర రూపాయి బయట పెట్టి పోవాల్సుండె సార్" అంది, అంతే. అంతకన్నా మంచి సమీక్ష నా జీవితంలో ఎవరూ రాయలేదు.

ఆ తేదీ కాగితం తీశాం. నా తుఫాను కాగితాన్నీ దాన్నీ ఒకదానిమీద ఒకటి పెట్టి కిటికీ వెలుగుకు పట్టుకున్నాం. అదే నిమిషంలో ఎగురు. అదే తీరిక ఊపు. చిన్నదిగా, సన్నగా, కాని అదే నడక.

"గిదే కద సార్ మీ ఏనుగు పిల్ల!" అని బాలమణి చప్పట్లు కొట్టింది. నేను కూడా కొట్టాను. ఇద్దరమే ఉన్నా గది నిండా జాతరలా అనిపించింది.

పెద్దసారు వచ్చిన రోజు

శేషగిరి సార్‌కు కబురు చేస్తే, తానే వచ్చి చూస్తానన్నారు. వచ్చారు. గుడిసె పక్కన, తెర ఉన్న గదిలో కూర్చుని రెండు కాగితాలనూ గంటసేపు తిప్పి తిప్పి చూశారు.

"సరిపోయింది. ఒప్పుకుంటాను. కాని ఈ గుడిసెలో మాత్రం ఇనుము దూరలేదని ఏమిటి నమ్మకం? పద, లోపల చూద్దాం."

గుమ్మం దగ్గర బాలమణి దిక్సూచి పట్టుకుని నిలబడి ఉంది. దాన్ని ఆమె ముల్లు అంటుంది.

"ఆగుండ్రి సార్. ముల్లు సూడాలె."

"అమ్మాయీ, ఈ గుడిసె కట్టించింది నేనే."

"అయితే మీకు ఇంక మంచిగ తెల్వాలె."

బెల్టు తీయించింది. గడియారం తీయించింది. అయినా నడుం దగ్గర ముల్లు గిర్రున తిరిగింది.

"ప్యాంటు కొక్కెం సార్."

"అయితే ఇప్పుడేం చెయ్యమంటావు?"

"మొయిన్ సార్ లుంగి ఉంది. నిన్ననే ఉతికిన."

దేశంలో నలుగురైదుగురు మాత్రమే చేయగల లెక్కలు చేసే మనిషి, చెట్టు చాటుకు పోయి నీలం గళ్ల లుంగీతో తిరిగొచ్చారు. బాలమణి మళ్లీ ముల్లు పెట్టింది. కదల్లేదు. "ఇగ పోవచ్చు" అంది. సార్ రెండడుగులు వేసి, ఏదో గుర్తొచ్చి వెనక్కి తిరిగి, గదిలోంచి ఒక నొక్కుడు పెన్ను తెచ్చి చొక్కా జేబులో పెట్టుకున్నారు. అప్పటికి బాలమణి తెర దగ్గరికి పోయింది.

నేను చూశాను. ఆ పెన్నులో స్ప్రింగు ఉంటుంది. చెప్పడం నా ధర్మం. మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. పిల్లలూ, ఇది మాత్రం మీరు నా దగ్గర నేర్చుకోకండి.

సార్ పరికరం మీదికి వంగి చూశారు, లేచారు, పక్కకు పోయారు, మళ్లీ వంగారు. ఇవతల గదిలో గీత గంతులు వేయసాగింది.

"పెద్దసారు జేబుల ఏందో ఉంది!" అని బాలమణి కేకేసింది.

ఆయన గుడిసె గుమ్మం దాకా వచ్చి, అక్కణ్ణించే ఇవతలి తెర చూశారు. జేబు తడుముకున్నారు. పెన్ను తీశారు. నా వైపు చూశారు.

నేను చాలా వినయంగా అడిగాను. "సార్, ఈ పదిహేను నిమిషాలు పాడయ్యాయి. ఈ ఏడాది అమ్రాబాదు రికార్డు మొత్తం పక్కన పెట్టేద్దామా?"

ఒక్క క్షణం ఆయన ముఖంలో ఒక్క అలయినా లేదు. తర్వాత లుంగీ ఎగ్గట్టుకుని, పొట్ట పట్టుకుని నవ్వారు. అడవిలో ఎక్కడో పిట్టలు లేచాయి.

"నీ ఏడాది చేర్చుకోవయ్యా. ఆ పన్నెండు నిమిషాలు మాత్రం రోజూ కోసెయ్యి."

బాలమణి అప్పటికే పరిశీలన పుస్తకం తెరిచింది. రికార్డు ఎవరివల్ల పాడైతే వాళ్ల పేరు, కారణం రాసి సంతకం పెట్టించడం అక్కడి పద్ధతి. నేను పుస్తకం అందుకుని నా చేతిరాతలో అత్యంత అందమైన రాతతో రాశాను: "పదకొండున్నర నుంచి పావుతక్కువ పన్నెండు వరకు: శేషగిరి సార్ పెన్ను." ఆ మాట ఆ రోజు రికార్డుతోపాటే ఉండిపోతుంది. ఎప్పుడు, ఏ దేశంలో ఎవరు ఆ రోజును తీసి చూసినా గీత పక్కన అదీ కనబడుతుంది.

సార్ చదివారు. పెన్ను నొక్కి సంతకానికి వంగారు.

బాలమణి పుస్తకాన్ని వెనక్కి లాక్కుంది. "బయటికి పోయి పెట్టుండ్రి సార్. గీత ఇంక ఎగుర్తనే ఉంది."